కోటి రంగుల కార్డు

మా బాపుకు మహబూబ్‌నగర్‌లో ఒక ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో ఒక చెక్క కుర్చీ, దాని వెనక మబ్బులూ మేడలూ గీసిన పరదా, రెండు లైట్లు, ఆ వెనక ఫోటోలు కడిగే చీకటి గది. అంతకు మించి ఏమీ లేదు. దాన్ని స్టూడియో అని పిలిచేది బాపు ఒక్కడే. ఊరంతా ఫోటోల దుకాణం అనేది.

నిజానికి బాపు పేరు ఫోటోలు తీయడంలో కాదు, రంగులు వేయడంలో. నలుపు తెలుపు ఫోటోను పెద్దది చేసి, దాని మీద సన్న కుంచెతో, పుల్లకు చుట్టిన దూదితో రంగులు అద్దేవాడు. ఎనభైలలో పెళ్లి ఫోటోలకు కూడా అలా రంగులు వేయించుకునేవారు. ఆ తర్వాత రంగుల రీళ్లు వచ్చాయి. బతికున్నవాళ్లంతా వాటి వైపు పోయేసరికి బాపుకు చనిపోయినవాళ్లు మిగిలారు. పోయినవాళ్ల ఫోటో ఏదో ఒకటి, నలుపు తెలుపులో, వేలెడంతది, ఇంట్లో ఉంటుంది కదా. దాన్ని పెద్దది చేసి రంగు వేసి ఫ్రేము కట్టించుకోవడానికి పల్లెల నుంచి వచ్చేవారు.

నేను బడి నుంచి వచ్చి ఆ ముందు గదిలోనే కూర్చునేదాన్ని కాబట్టి ఆ మాటలన్నీ నా చెవిన పడేవి. ఒకసారి కోయిలకొండ వైపు నుంచి గొర్రెల కాపరుల ఇంటి ముసలామె మొగుడి ఫోటో తెచ్చింది. బాపు ముందు ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు.

"మనిషి ఏం రంగుండె అవ్వా?"

"నల్లగనే ఉండె సారూ. నువ్వు జర ఎర్రగ చెయ్యి."

ఆమె వెళ్లాక బాపు నవ్వాడు. "బతికున్నన్ని దినాలు ఎండల తిప్పిన్రు. సచ్చినంక నీడపట్టున కూసోబెట్టమంటున్రు." అలా అన్నాడే గానీ ఆ ముసలాయనకు ఒక పిసరు తెలుపు కలిపే వేశాడు. ఎవరు ఎర్రగా చేయమన్నా సరే, ముందు అసలు రంగు చెప్పించుకునేవాడు. అసలు రంగు తెలిస్తేనే అబద్ధం అతుకుతుందని ఆయన లెక్క.

ఇంతమందికి రంగులు వేసిన మనిషి మా అమ్మకు వేయలేదు.

అమ్మ పోయేనాటికి నాకు నడక కూడా రాలేదు. అమ్మది ఉన్నది ఒక్కటే ఫోటో. పెళ్లయిన కొత్తలో, ఆ చెక్క కుర్చీలోనే కూర్చోబెట్టి, బాపే తీశాడు. అది మా ఇంట్లో తలుపు మీద ఉండేది, నలుపు తెలుపులో. దీపం కింద చీకటి అనే మాట నాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు, రోజూ దాని కిందినుంచే బడికి వెళ్లేదాన్ని. "బాపూ, అమ్మకు రంగెప్పుడేస్తవు?" అని అడిగితే "ఏస్త బిడ్డా, ఏస్త" అనేవాడు. ఆ ఏసుడు ఏనాటికీ జరగలేదు. నాకు ఒళ్లు మండేది. ఎవరి మొగుడికో మీసాలకు నలుపు దిద్దడానికి పొద్దంతా కూర్చునే మనిషికి, సొంత పెళ్లానికి ఒక పూట దొరకదా?

నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. అమ్మ ఏ రంగులో ఉండేదో చూడాలి. చుట్టాలను అడిగితే తలా ఒక మాట. మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, "పాల రంగు బిడ్డా, దొరసాని లెక్కుండె" అనేది. మేనమామ చామనచాయ అనేవాడు. బాపు వైపు ఒకామె నన్ను ఎగాదిగా చూసి, "నీ అంత నలుపు గాదు తీ" అంది. ఆమెకు అప్పటినుంచీ నేను చాయ ఇవ్వలేదు. మనవాళ్లలో మనిషి పోయిన దినం నుంచి ఏటేటా తెల్లబడుతూ పోతుంది, వాళ్ల మాట ఏం నమ్మేది? రంగు సంగతి చెప్పాల్సింది బాపు ఒక్కడే.

తొంభైలు సగం దాటాక, నా డిగ్రీ అయిపోయాక, ఊళ్లో కంప్యూటర్ నేర్పే చోట చేరాను. హైదరాబాద్‌లో ఫోటోలకు కంప్యూటర్ మీదే రంగులు వేస్తున్నారని అక్కడే విన్నాను. ఇంటికి వచ్చి బాపు చెవిలో జోరీగలా మోగాను. చివరికి ఏదో ఆఫీసువాళ్లు కొత్తవి కొనుక్కుని వదిలించుకుంటున్న పాత డెస్క్‌టాప్ ఒకటి మా ముందు గదిలోకి వచ్చింది. పక్క దుకాణంలో రేడియోలు బాగుచేసే చాచా దానికి స్టెబిలైజర్ బిగించి ఇచ్చాడు. బాపు పాత పరదా కత్తిరించి దానికి కవరు కుట్టించాడు. మా కంప్యూటర్ మూతి మీద మబ్బులూ, వీపు మీద మేడలూ ఉండేవి.

నేను మొదట పట్టుకున్నది అమ్మ ఫోటోనే. హైదరాబాద్‌లో స్కాన్ చేయించి ఫ్లాపీలో తెచ్చాను. తెర మీద నలుపు తెలుపు బాగానే కనిపించింది. ముఖానికి కాస్త రంగు పూసేసరికి బుగ్గల మీద మచ్చలు మచ్చలుగా, గీతలు గీతలుగా తేలింది. బాపు వెనకనుంచి తొంగి చూశాడు.

"గిదేంది బిడ్డా, అమ్మోరు పోసినట్టున్నది" అని, ఇంకో క్షణం నిలబడకుండా చీకటి గదిలోకి వెళ్లిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. మాకు నేర్పే సారును అడిగితే తప్పు నా చేతిది కాదన్నాడు. లోపల డిస్‌ప్లే కార్డు అని ఒకటుంటుంది, తెర మీద బొమ్మ చూపించేది అదే. మా దాంట్లోది పాతది, రెండు వందల యాభై ఆరు రంగుల కంటే ఎక్కువ చూపించలేదు. మనిషి చర్మానికి అవి ఎటూ చాలవు. కొత్త కార్డు వేస్తే కోటీ అరవై లక్షల రంగులు చూపిస్తుందన్నాడు. కోటీ అరవై లక్షలు! అందులో మా అమ్మ రంగు ఉండకుండా ఎటు పోతుంది అనుకున్నాను.

మర్నాడే బస్సెక్కాను. హైదరాబాద్‌లో దుకాణంవాడిని అన్నిటికంటే కొత్త కార్డు ఇమ్మన్నాను, ఇచ్చాడు. కొనేటప్పుడు చీరైనా కార్డైనా కొత్త రకమే అడగాలనుకునే బుద్ధి నాది. తీరా తెచ్చి కంప్యూటర్ మూత విప్పితే దాన్ని గుచ్చే గాడే మా దాంట్లో లేదు. మా పెట్టె పుట్టిన తర్వాత వచ్చిన రకమట అది. అటు తిప్పి, ఇటు తిప్పి, నేను పళ్లు నూరుకుంటుంటే బాపు చూసి అన్నాడు:

"గొర్రె మెడకు ఎద్దు కాడి తెచ్చినవు గద బిడ్డా."

చాచా పక్క దుకాణంలోంచే నవ్వాడు. మళ్లీ బస్సు. ఈసారి పాత కార్డునే ఊడదీసి, ఫోటో పేపర్ వచ్చే ఖాళీ అట్టపెట్టెలో పెట్టుకుని ఒళ్లో పట్టుకున్నాను. షాద్‌నగర్‌లో బస్సు చాలాసేపు ఆగింది. అందరూ దిగి మిర్చీలు తిన్నారు. నేను ఆ పెట్టె వదిలితే ఎక్కడ పోతుందోనని సీట్లోనే కూర్చుని, దుకాణంవాడిని మనసులో తిట్టుకుంటూ ఉన్నాను. వాడు మంచివాడే తీరా చూస్తే. పాత కార్డు చేతిలోకి తీసుకుని గాడిలో దిగే దాని పళ్లు చూసి, అదే తీరు పళ్లున్న వేరే కార్డు మారు మాట్లాడకుండా ఇచ్చాడు.

కార్డు బిగించిన రోజు మా దుకాణంలో చిన్న పండగే. చాచా తన చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చాడు. నేను కార్డును ఎట్లా పడితే అట్లా పట్టుకుంటే బాపు కసిరాడు. "నెగటివ్ పట్టుకున్నట్టు అంచులు పట్టుకో, నడుమ ఏలు పెట్టకు." గాడిలో గుచ్చి, మర బిగించి, కరెంటు పెట్టాం. తెర నల్లగా ఉంది. లోపలినుంచి పీక్ పీక్ మని ఒకటే అరుపు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఒర్రుతున్నదంటే పానం ఉన్నట్టే కద బిటియా, ఫికర్ చెయ్యకు" అన్నాడు చాచా.

బాపు కరెంటు తీయించి, కార్డు బయటికి లాగి, దాని పసుపుపచ్చ పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచాడు. మళ్లీ గాడిలో పెట్టి రెండు బొటనవేళ్లతో నిదానంగా నొక్కాడు. టక్కుమంది. ఈసారి తెర వెలిగింది. కార్డుతో వచ్చిన సీడీ వేసి, సారు రాసిచ్చినట్టు రంగుల లెక్క మార్చి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ పెట్టాను. అమ్మ ఫోటో తెరిచి బుగ్గ మీద ఊరికే కాస్త రంగు పూసి చూశాను. మచ్చ లేదు, గీత లేదు. పాల మీద మీగడ పట్టినట్టు పరుచుకుంది. నేను గంతులేశాను. చాచా ముగ్గురికీ చాయ తెప్పించాడు.

ఆ మధ్యాహ్నమే బాపును పట్టుకొచ్చి పక్కన కూర్చోబెట్టాను. బుగ్గ మీది రంగు తుడిచేసి, మొదట చీర పట్టాను. ఫోటోలో అమ్మ కట్టుకున్న పెళ్లినాటి గద్వాల చీర పెట్టెలోంచి తెచ్చి తెర పక్కన పరిచాను. కొంగు ఎరుపుకు ఎరుపు, అంచు పచ్చకు పచ్చ. బాపుకు హుషారు వచ్చేసింది. "మడతల కాడ జర నలుపు కలుపు. అంచుల జరీకి గంత పసుపెందుకు, తగ్గియ్యి. గాజులకు మెరుపు ఉండాలె." కుంకుమ ఆయనే చెప్పి పెట్టించాడు, మల్లెపూలు ఆయనే తెల్లగా చేయించాడు. మా ఇద్దరికీ అంత బాగా పొసగిన పూట అంతకు ముందు నాకు గుర్తులేదు.

ఇక ముఖం మిగిలింది.

కాస్త రంగు పూసి, "ఇట్లనా బాపూ?" అన్నాను. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కొంచెం తగ్గించి, "ఇట్లనా?" అన్నాను. తల ముందుకు వంచి చూశాడు. "ఇంకొద్దిగ..." అని ఆగాడు. పెంచాలో తగ్గించాలో చెప్పలేదు. లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు. మళ్లీ మార్చాను, మళ్లీ అదే. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"వచ్చినోళ్లందర్ని అడుగుతవు కద బాపూ, మనిషి ఏం రంగుండె అని. ఇయ్యాల నేను అడుగుతున్న. చెప్పు, అమ్మ ఏం రంగుండె?"

బాపు తెర వంక చూస్తూనే చెప్పాడు.

"యాదికొస్తలేదు బిడ్డా."

ఆయనే మెల్లగా చెప్పుకుంటూ పోయాడు. "మొదటేడు కుంచె పట్టలేకపోయిన. తర్వాత ఏద్దామని కూసుంటే రంగు ముందలికి రాలే. నడక యాదున్నది, గొంతు యాదున్నది. కోపమొస్తే గిన్నెలు ఇసిరికొట్టుడు యాదున్నది. రంగు ఒక్కటే పోయింది. పొద్దునలేస్తే గా తలుపు మీది ఫోటోనే జూసిన కద. ఇప్పుడు కండ్లు మూసుకున్నా గట్లనే ఒస్తది, నలుపు తెలుపుల. నీకు ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

నేను ఏడ్చేశాను. అమ్మ కోసం ఏడ్చానో ఆయన కోసం ఏడ్చానో నాకు ఇప్పటికీ తెలియదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "పోనీ బాపూ, మామ చెప్పినట్టు చామనచాయ వేసేద్దాం, ఎవరికి తెలుస్తది" అన్నాను. బాపు మౌస్ మీదినుంచి నా చేయి తీసి పక్కన పెట్టాడు. ముఖాన్ని అలాగే ఉంచమన్నాడు. అలాగే ప్రింటు తీయించి, అలాగే ఫ్రేము కట్టించి, పాతది దించిన చోటే తలుపు మీద పెట్టాం. ఎర్ర చీర, పచ్చ గాజులు, తెల్ల మల్లెలు, నుదుట కుంకుమ. ముఖమూ చేతులూ నలుపు తెలుపు.

తర్వాత కొన్నాళ్లకు పెద్దమ్మ వచ్చింది. గడపలో నిలబడి ఫోటోను చాలాసేపు చూసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, అంతలోనే నా వైపు తిరిగింది.

"చీరకు రంగేసి మొఖానికి మరిచిన్రేందే? కంప్యూటర్ ఖరాబైందా?"

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. నాకంటే ముందే బాపు అన్నాడు.

"మరువలే వదినా. నాకు యాదున్న రంగు గదే."