మురోయ్ గారి గడ్డికి దాహమేస్తుంది

మురోయ్ గారు ప్లాస్టిక్ గడ్డిని ప్రాణమున్న గడ్డిలా పెంచుతారు. మాటవరసకి అనడం లేదు. పొద్దున్నే నీళ్ళు పోస్తారు, ఎండాకాలం కత్తిరిస్తారు, కలుపు తీస్తారు, అప్పుడప్పుడూ ఎరువు కూడా చల్లుతారు. ఇందులో ఏ ఒక్కటీ ప్లాస్టిక్ గడ్డికి అక్కర్లేదు. అసలు ఈ చాకిరీ తప్పించుకోడానికే లోకంలో జనం ప్లాస్టిక్ గడ్డి కొంటారు. ఆ సంగతి మా సైతామా ఊళ్ళో పాకే పిల్లలకి కూడా తెలుసు.

వాళ్ళ ఎదురిల్లు మాది. నా పేరు నెమోతో. ఆ ఏడాది మా వీధి సంఘం పెద్దరికం వంతు నాది. పెద్దరికమంటే మరేం లేదు, చెత్తబండి వచ్చే రోజు కాకులు సంచులు చింపకుండా వల కప్పడం, సంఘం కబుర్ల అట్ట ఇంటింటికీ తిప్పడం, ఎవరింట్లో ఏం జరుగుతోందో కనిపెట్టడం. చివరిది నాకెవరూ అప్పగించలేదు. నేనే శ్రద్ధగా చేశాను.

మురోయ్ గారు ఊరి ఆఫీసులో కాగితాల మీద ముద్రలు వేసి రిటైరైన మనిషి. ముద్ర కాస్త వంకరగా పడితే ఆ పూట అన్నం సయించేది కాదట. వాళ్ళావిడ తమయోగారు చెప్పింది. ఈ ప్లాస్టిక్ రాకముందు వాళ్ళ పెరట్లో నిజం గడ్డే ఉండేది. ఆ వేసవిలో మాడిపోయింది. ఎందుకు మాడిందని ఎవరూ అడగలేదు. మా సైతామా వేసవిలో మనుషులే మాడిపోతారు, గడ్డి ఓ లెక్కా!

గడ్డి కొనడానికి వెళ్ళిన రోజు నేనూ వాళ్ళ కారెక్కాను, కుండీలకి మట్టి కావాలని. కొట్లో ప్లాస్టిక్ గడ్డి చాపల్లా చుట్టి నిలబెట్టి ఉంది. అమ్మే ఆవిడ అన్నిటికన్నా పచ్చగా ఉన్నది విప్పి చూపించింది.

"ఇది మరీ ఆకుపచ్చగా ఉందండీ," అన్నారు మురోయ్ గారు.

"గడ్డి కదండీ!"

"గడ్డి ఇంత సంతోషంగా ఉండదు. కాస్త దిగులుగా ఉన్నదుంటే చూపించండి."

ఆవిడ నా మొహం చూసింది. నేను మట్టి సంచుల వైపు చూశాను. చివరికి పోగుల మొదళ్ళలో ఎండు రంగు నూలు కలిపిన రకం ఒకటి తెచ్చింది. మురోయ్ గారు చెప్పులు విప్పి, నేల మీద బోర్లా పడుకుని, దానికి చెంప ఆనించి కళ్ళు మూసుకున్నారు. అటుగా పోతున్న పెద్దాయనెవరో కంగారుపడి, "అంబులెన్స్‌ని పిలవండి!" అని అరిచాడు.

"అక్కర్లేదండీ. మా ఆయన గడ్డి ఎంచుకుంటున్నారు," అంది తమయోగారు, తాపీగా. ఆవిడకి ముప్ఫయ్యేళ్ళుగా ఇది అలవాటే.

ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. "బావుంది. మరి చలికాలం దీని సంగతేమిటి?"

"చలికాలంలో కూడా ఇలాగే పచ్చగా ఉంటుందండీ! అదే దీని గొప్పతనం."

"అయ్యో, అలా ఉంటే ఎలాగండీ? చలికాలం గడ్డి ఎండాలిగా."

"ఇది ఎండదండీ."

"ఎండాలి."

"ఎండదండీ!"

"పోనీ, ముందే ఎండిపోయినదేమైనా ఉందా?"

పాపం, ఆవిడ గోదాములో వెతికి వెతికి, దుకాణాల అద్దాల వెనక అలంకారానికి వాడే ఎండుగడ్డి రంగు చాప ఒకటి పట్టుకొచ్చింది. మురోయ్ గారు తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు దాన్ని గుండెకి హత్తుకున్నారు. పచ్చది ఒకటి, ఎండుది ఒకటి, రెండూ కొన్నారు. కారులో చోటు చాలక నా మట్టి సంచిని నేనే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ప్లాస్టిక్ గడ్డికి కూడా పోగులు ఒక పక్కకి వాలి ఉంటాయి. మన వైపు వాలేలా పరిస్తే ఒత్తుగా, నిండుగా కనిపిస్తుంది. అవతలికి వాలితే వెలవెలబోతూ మెరుస్తుంది. అందుకని అందరూ తాము కూర్చునే గది వైపు వాలేలా పరుచుకుంటారు. మురోయ్ గారు నేల చదును చేశారు, కలుపు మొలవకుండా అడుగున గుడ్డ పరిచారు, అతుకులు కనపడకుండా అతికించారు, అంచులకి మేకులు దిగ్గొట్టారు. అన్నీ పద్ధతి ప్రకారం చేసి, గడ్డిని మాత్రం పక్కింటి వైపు వాల్చి పరిచారు.

"మురోయ్ గారూ, తిరగేసి పరిచారు," అన్నాను కంచె మీదుగా.

"లేదండీ, సరిగ్గానే పరిచాను."

"మీ గదిలోంచి చూస్తే బట్టతలకి నూనె రాసినట్టుంది!"

"అలవాటైపోతుందిలెండి," అని, ఆయన చీపురు తీసుకుని గడ్డిని దువ్వడం మొదలుపెట్టారు. అదీ పక్కింటి వైపే.

అప్పట్నుంచి మా వీధికి కాలక్షేపానికి కొరత లేదు. పొద్దున్నే నీళ్ళు. అదేమిటని అడిగితే, "ఎండకి ప్లాస్టిక్ కాలిపోతుందండీ, నీళ్ళు పోస్తే చల్లబడుతుంది," అనేవారు. ఆ మాట నిజమే కాబట్టి నోరు మూసుకున్నాను. కానీ తర్వాత గడ్డి కోసే బండి తీశారు. పరుగున వెళ్ళి చూస్తే బండికి కత్తుల్లేవు. ఖాళీ చక్రాలు గరగరలాడించుకుంటూ, ఆగి చెమట తుడుచుకుంటూ, ఈ చివర్నుంచి ఆ చివరికి ఠీవిగా తోస్తున్నారు.

"మురోయ్ గారూ, కత్తులు మర్చిపోయారు!"

"ష్! కొంచెం మెల్లగా మాట్లాడండి," అన్నారు ఆయన. గడ్డి వింటుందనుకున్నారేమో అని నేను ఇంటికొచ్చి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

వీధంతా కలిసి కలుపు తీసే ఆదివారం మా దగ్గరో ఆచారం. ఆ రోజు చేతికి తొడుగులూ, చిన్న కొడవలీ లేకుండా గుమ్మంలో కనపడితే పరువు దక్కదు. మురోయ్ గారి పెరట్లో కలుపెక్కణ్ణుంచి వస్తుంది? అయినా ఆదివారం పొద్దున్నకల్లా ఆ ప్లాస్టిక్ మధ్యలో నవనవలాడే డాండెలియన్ మొక్కలు! తీరా చూస్తే, కాలవ గట్టు మీంచి పీక్కొచ్చి, ముందు రోజు రాత్రి అతుకుల సందులో ఆయనే గుచ్చారు. అవే పీకుతూ, "అబ్బబ్బ, ఏం కలుపు! నడుం పడిపోయిందనుకోండి!" అని వీధి చివరికి వినపడేలా మూలిగారు.

ఇక చలికాలం రాగానే రాత్రికి రాత్రి పచ్చ చాప చుట్టేసి ఎండు చాప పరిచారు. చలికాలంలో కూడా కళ్ళకి పచ్చగా ఉంటుందని ఊళ్ళో జనం ప్లాస్టిక్ గడ్డి వేయించుకుంటే, ఈయన పనిగట్టుకుని ఎండబెట్టుకున్నారు. "మురోయ్ చేతిలో పడితే ప్లాస్టిక్ కూడా బతకదు," అని వీధిలో సామెతే పుట్టింది. నిజం చెప్పాలంటే, పుట్టించింది నేనే.

వాళ్ళ పక్కిల్లు హత్సుయె బామ్మగారిది. ఒకప్పుడు మా వీధిలో గడ్డి అంటే ఆవిడ గడ్డే. కొడుకు రెండో కారు కొని పెరడంతా కాంక్రీటు పోయించినప్పుడు, ఆవిడ తన గడ్డిని పలకలు పలకలుగా కోయించి, "నువ్వు పెంచు," అని, గడ్డి పని తనే నేర్పిన మురోయ్ గారికి ఇచ్చేసింది. ఆ తర్వాత జారిపడి తుంటి విరిగి, కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉండి, ప్లాస్టిక్ గడ్డి పరిచిన కొద్దిరోజులకే, ఎండలు తగ్గకముందే ఇంటికొచ్చింది. మంచం కిటికీ పక్కనే వేశారు. ఆవిణ్ణి పలకరిద్దామని, చలికాలంలో ఓ రోజు చిలగడదుంపలు కాల్పించుకుని వెళ్ళాను.

వెళ్ళి కూర్చున్నానో లేదో, బామ్మగారు కిటికీ తీసి, "మురోయ్! ఏం చేస్తున్నావక్కడ? చలికాలం గడ్డిని అంతలా తొక్కకు, వేళ్ళు చస్తాయి!" అని కేకేసింది.

"చిత్తం, గురువుగారూ!" అని మురోయ్ గారు ఒక్క గెంతులో పక్కకి తప్పుకున్నారు. ప్లాస్టిక్ వేళ్ళు చస్తాయని!

నేనూ కిటికీలోంచి తొంగిచూశాను. చూసి, అలాగే ఉండిపోయాను. మా ఇంటి వైపు నుంచి అంత దిక్కుమాలినట్టుండే ఆ గడ్డి, ఈ కిటికీలోంచి ఎంత ఒత్తుగా ఉందో! ప్రతి పోగూ ఇటే వాలి, ఇటే చూస్తోంది. దుంప చేతిలో పట్టుకుని తినడం మర్చిపోయాను.

బయటికొచ్చి నేరుగా మురోయ్ గారి దగ్గరికి వెళ్ళాను. నా మొహం చూడగానే ఆయనకి అర్థమైపోయింది.

"ఎరువు ఎక్కువైందండీ," అన్నారు నేలచూపులు చూస్తూ. "ఆవిడ వచ్చేసరికి ఇంకా పచ్చగా ఉండాలని చల్లాను. మొత్తం మాడిపోయింది. ఆవిడకి మిగిలింది ఆ గడ్డేనండీ. నేను చంపేశానని ఏ నోటితో చెప్పను? ఎవరితోనూ అనకండి, మీకు పుణ్యముంటుంది."

అననని మాటిచ్చాను. ఇద్దరికే చెప్పాను. సాయంత్రానికల్లా వీధంతా తెలిసింది. కానీ ఆ రోజు నుంచి ఆయన ప్లాస్టిక్ గడ్డిని దువ్వుతుంటే ఎవరూ నవ్వలేదు. పైగా, "మురోయ్ గారూ, గడ్డి బాగా పెంచారు!" అని కిటికీకి వినపడేలా మెచ్చుకునేవాళ్ళు.

చెర్రీలు మొగ్గ తొడిగే వేళకి బామ్మగారు చేతికర్రతో నడవసాగింది. ఓ రోజు కిటికీలోంచి పిడుగులాంటి మాట అంది. "ఆదివారం వస్తున్నా, మురోయ్. నా గడ్డి మీద చెప్పుల్లేకుండా నడవాలి."

మురోయ్ గారికి ముచ్చెమటలు పోశాయి. కంటిని ఎలాగో మోసం చెయ్యొచ్చు, అరికాలిని ఎలా చేస్తారు? ఆయన అన్నం మానేశారు. "ఆదివారం నిజం చెప్పేస్తాను. ఆవిడ మళ్ళీ నా మొహం చూడదు," అన్నారు. ఆ మాటకి తమయోగారే కాదు, నేనూ తట్టుకోలేకపోయాను.

"నేను పెద్దరికంలో ఉండగా ఈ వీధిలో ఎవరూ నిజం చెప్పడానికి వీల్లేదు!" అన్నాను.

శనివారం బామ్మగారిని స్నానానికి వృద్ధుల కేంద్రం బండి తీసుకెళ్తుంది. ఆ బండి మలుపు తిరగడమే తరువాయి, వీధి వీధంతా మురోయ్ గారి పెరట్లో దిగింది. ప్లాస్టిక్ చాప పీకి చుట్టేశాం. మొక్కలమ్మే తోటలో కొనితెచ్చిన నిజం గడ్డి పలకలు పరిచి, తొక్కి, నీళ్ళు పోశాం. చలి పూర్తిగా పోలేదు కాబట్టి అవి ఇంకా సగం ఎండుగానే ఉన్నాయి, అదీ మాకు కలిసొచ్చింది. బండి తిరిగొచ్చేసరికి అందరం గోళ్ళలో మట్టితో, ఏమీ ఎరగనట్టు, ఎవరి గుమ్మాల్లో వాళ్ళం నిలబడ్డాం.

ఆదివారం బామ్మగారు వచ్చింది. నా భుజం పట్టుకుని మేజోళ్ళు విప్పింది. గడ్డి మీద ఒక అడుగు వేసింది. ఆగింది. కాలి వేళ్ళతో ఇటూ అటూ రాసి చూసింది.

"ఇదెవరి గడ్డి?"

"మీదేనండీ, గురువుగారూ," అన్నారు మురోయ్ గారు.

"అబద్ధాలాడకు. నా గడ్డి ప్లాస్టిక్‌ది కదూ?"

బామ్మగారు చేతికర్రతో నేల మీద పొడిచింది. "ఆమధ్య పెనుగాలి వీచిన రోజు ఓ మూల లేచి దుప్పటిలా కొట్టుకుంది. నువ్వు పరుగెత్తుకొచ్చి దాని మీద బోర్లా పడుకున్నావు. గాలికి ఎగిరిపోతుందని గడ్డి మీద పడుకునేవాణ్ణి నేనీ వయసులోనే చూశాను."

"మరి ఇన్నాళ్ళూ కిటికీలోంచి ఆ కేకలేమిటండీ!" అన్నాను నేను, ఉండబట్టలేక.

"కేకలు మానేస్తే నాకు తెలిసిపోయిందని వీడికి తెలిసిపోదూ? అంత కష్టపడుతున్నాడు, పాపం."

మురోయ్ గారు మోకాళ్ళ మీద కూలబడి, నుదురు గడ్డికి ఆనించారు. "ఎరువు వేసి నేనే చంపానండీ. క్షమించండి."

"లే, లే. మట్టి అంటుకుంటుంది," అంది బామ్మగారు. "నా మొదటి గడ్డి కూడా ఎరువుకే పోయింది. అప్పుడు కొత్త కోడల్ని. గడ్డి మా అత్తగారిది. పొరుగూరు వెళ్తూ నాకు ఒప్పజెప్పింది. సంచి మొత్తం చల్లేశాను. ఆవిడ వచ్చే రోజుకి ఎర్రగా మాడిపోయింది. ఏం చెయ్యను? తలుపులకి వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ రంగు తీసి దానికి పూసేశాను."

"దొరికిపోయారా?" అంది తమయోగారు.

"ఎక్కడ? అత్తగారు తెల్ల మేజోళ్ళతో దాని మీద అటూ ఇటూ నడిచి, 'గడ్డి బాగా చూశావమ్మా' అని లోపలికెళ్ళింది. కాసేపటికి నేను పెరటివైపు వెళ్తే, గోలెం దగ్గర కూర్చుని మేజోళ్ళు రుద్దుకుంటోంది. అడుగులు రెండూ ఆకుపచ్చ! ఆవిడ బట్టలన్నీ రోజూ నేనే ఉతికేదాన్ని. ఆ ఒక్కరోజూ ఆ జత నాకు వెయ్యలేదు. పోయేదాకా ఆ మాటే ఎత్తలేదు మహాతల్లి. నాకే ఆవిడంత ఓపిక లేక, నీ దగ్గర నోరు జారాను."

మురోయ్ గారు జేబురుమాలు తీసి గట్టిగా ముక్కు చీదుకున్నారు. తమయోగారూ చీదింది, నేనూ చీదాను. అది దేవదారు పుప్పొడి ఎగిరే నెల. మా సైతామాలో అప్పుడు అందరికీ ముక్కులు కారుతూనే ఉంటాయి.