పక్క పెట్టెలో అమ్మ

దవాఖాన నుంచి వచ్చిన ఆ ఫోను గుర్తొస్తే బిల్కీస్‌కు ఇప్పటికీ ఆ రాత్రి నిద్ర పట్టదు. 2020 నవంబరు. భర్త అబ్దుల్ కరీమ్‌ను కరోనాతో అంబులెన్సులో తీసుకెళ్లి వారం దాటింది. చూడటానికి ఎవరినీ రానివ్వడం లేదు. ఫోనులో డాక్టరమ్మ గబగబా ఏదో చెబుతోంది. బిల్కీస్‌కు వచ్చిన జర్మన్ కూరగాయలు కొనడానికీ, బస్సు టికెట్టు అడగడానికీ సరిపోతుంది, అంతే. ఫోను కూతురి చేతిలో పెట్టింది. పదిహేనేళ్ల ఇఖ్రా "యా, యా" అంటూ విని, తల్లివైపు తిరిగింది.

"అమ్మీ, ఆక్సిజన్ చాలట్లేదంట. అబ్బూని నిద్రపుచ్చి మెషిన్ పెట్టాల్సి రావచ్చంట. ఏమైనా అడగాలా అంటున్నారు."

 "మళ్ల లేస్తడా అని అడుగు" అంది బిల్కీస్.

పిల్ల ఆ మాటను జర్మన్‌లో అడిగింది. అవతలి నుంచి వచ్చిన జవాబును మాత్రం వెంటనే తెలుగులో చెప్పలేకపోయింది.

మెషిన్ అవసరం పడలేదు. కరీమ్ డిసెంబరు ఆఖరుకు ఇల్లు చేరాడు. సగం మనిషి అయ్యాడు. పై అంతస్తులో ఉన్న ఫ్లాటుకు ఎక్కేలోగా మెట్ల మీద రెండుచోట్ల కూర్చున్నాడు. ఆ రోజు మొదలు బిల్కీస్‌కు తాడు కూడా పామే. తలుపు పిడి ముట్టుకుంటే భయం, పొరుగామె తుమ్మితే భయం, పాల ప్యాకెట్టు కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టాలంటే భయం.

వాళ్లుండేది జర్మనీలో, కాట్‌బస్ పట్టణానికి దక్షిణాన ఒక చిన్న ఊళ్లో. అక్కడి రసాయనాల ఫ్యాక్టరీలో కరీమ్ ఇంజినీరు. అతనిది ఒంగోలు, ఉర్దూ అంతంతమాత్రం. బిల్కీస్‌ది భువనగిరి. పెళ్లయిన కొత్తలో అతని ఉర్దూకు నవ్వీ నవ్వీ చివరికి ఆమే తెలుగులోకి దిగింది. అలా ఆ ఇంటి భాష తెలుగైంది.

ఫిబ్రవరి వచ్చింది. ఇఖ్రా పదో తరగతి అయిపోవస్తోంది. అబిటూర్ పరీక్షకు, అంటే యూనివర్సిటీకి దారి తీసే పెద్ద పరీక్షకు చదవాలంటే స్కూలు మారాలి. ఏ స్కూలో ఆ నెలలోనే చెప్పాలి. ఊళ్లోనే ఒకటుంది, సైకిలెక్కితే ఒక పాట అయ్యేలోగా చేరిపోవచ్చు. కానీ ఫలితాలు అంతంతమాత్రం, పైగా ఇఖ్రా కోరుకునే కెమిస్ట్రీ అక్కడ లోతుగా చెప్పే ప్రధాన కోర్సుగా లేదు. రెండోది కాట్‌బస్‌లో. ఫలితాలకు పేరున్న స్కూలు, మంచి ల్యాబు. అయితే రోజూ రైలు, దిగాక ట్రామ్, పోను గంటకు పైగా, రాను గంటకు పైగా. ఆ రైల్లో దగ్గేవాళ్లెందరో, మాస్కు గడ్డం కింద వేలాడేసుకునేవాళ్లెందరో.

డ్రెస్డెన్‌లో ఉద్యోగం చేసే తమ్ముడు ముఖీత్ వీడియోలో నచ్చచెప్పబోయాడు. "ఆపా, దగ్గరున్నదని ఎట్లనో గట్లున్న స్కూల్ల ఏస్తవా? ఆ స్కూల్ మార్కులు సూడు. తర్వాత సీటు కావాలంటే యాడికెల్లి తెస్తవ్?"

"నీకేం, నువ్వు చెప్తవ్. ఈయనకు మెట్లెక్కితెనే ఆయాసం. పిల్ల రోజు గంతమందిల తిరిగొస్తే ఇంట్ల ఏమైతదో నీకెర్కనా?"

సోఫాలో దుప్పటి కప్పుకుని ఉన్న కరీమ్ అందుకున్నాడు. "నన్ను అడ్డం పెట్టుకుని దాని చదువు ఆపొద్దు బిల్కీస్. టీకా వస్తోందిగా." ఆ రెండు మాటలకే దగ్గు తెర వచ్చింది. బిల్కీస్ నీళ్లకు పరిగెత్తింది. ఇక ఎవరూ ఆ ఊసెత్తలేదు.

మర్నాడు ఇఖ్రాయే తేల్చేసింది. "దగ్గరదే చాలు అమ్మీ. పాస్ట్ షోన్."

సరిపోతుందిలే, అని. ఆ మాటతో బిల్కీస్ గుండె మీది బండ దిగింది. పిల్లకు ఇష్టమని కీమా వండటానికి ఉల్లిపాయలు కూడా తీసింది. కోస్తూ కోస్తూ, మనసాగక అడిగింది. "మరి కెమిస్ట్రీ?"

ఇఖ్రా కిటికీలోంచి బయటి మంచు చూస్తోంది. "రైల్లోంచి కరోనాను నేనే ఇంటికి తెస్తే? అబ్బూని మళ్లీ తీసుకెళ్తే? అప్పుడు కూడా ఆ ఫోన్ నేనే మాట్లాడాలి కదా. నాకు రాదు అమ్మీ. ఇంకోసారి నావల్ల కాదు."

బిల్కీస్ చేతిలో కత్తి ఆగిపోయింది. ఇన్నాళ్లూ భయం తనకొక్కదానికే అనుకుంది. మొగుడికి, పిల్లకు తెలియకుండా తానే మోస్తున్నాననుకుంది. పిల్ల మాత్రం ఆ భయాన్ని తనకన్నా ముందే ఎత్తుకుని నోరెత్తకుండా నడుస్తోంది. బిడ్డ చదువుకునే చోటును తన భయమే ఎంచి పెట్టిందన్న మాట ఆమెను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

"కాట్‌బస్‌కే పో" అంది. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "నేను గూడ రైల్ల వస్త."

"నైన్, వద్దు! అమ్మీ, పదకొండో క్లాసుకి అమ్మతో వెళ్తారా ఎవరైనా?"

"వేరే డబ్బల కూసుంట. నీకు నాకు సంబంధం లేనట్టే ఉంట."

ఒప్పందం కుదిరింది. ఆ వసంతంలో కరీమ్‌కు టీకా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు దొరికింది, ఎండలు ముదిరాక మిగతా ఇద్దరికీ. ఆగస్టులో స్కూలు తెరిచారు. పొద్దున్నే తల్లీకూతుళ్లు ప్లాట్‌ఫాం మీద ఎడంగా నిలబడేవారు. ఇఖ్రా ఒక పెట్టె ఎక్కితే బిల్కీస్ పక్క పెట్టె ఎక్కేది. మధ్యలో ఉన్న గాజు తలుపులోంచి పిల్ల జడ కనిపించే సీటు చూసుకుని కూర్చునేది. ఎవరైనా దగ్గితే ఊపిరి బిగబట్టి లోలోపల దుఆ చదువుకునేది. కాట్‌బస్‌లో ఆడవాళ్ల జర్మన్ క్లాసులో చేరి, పిల్ల బడి వదిలేదాకా అక్కడే కాలం గడిపేది.

నవంబరులో మళ్లీ ఊరూరా కేసులు పెరిగాయి. ఒక సాయంత్రం తిరుగు రైల్లో బిల్కీస్ గాజులోంచి చూసేసరికి, ఇఖ్రా ఎదుటి సీట్లో ఒక భారీ మనిషి ఉన్నాడు. చేతిలో బీరు సీసా, మూతికి మాస్కు లేదు. ముందుకు వంగి పిల్ల ముఖంలో ముఖం పెట్టి ఏదో అంటున్నాడు. ఇఖ్రా కిటికీకి అతుక్కుపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలోకి తలలు దించుకున్నారు.

 బిల్కీస్ తలకు స్కార్ఫు, నోట్లో సరైన భాష లేదు. తాను వెళ్తే వాడు ఇంకా రెచ్చిపోతాడేమో! అయినా ఎలా లేచిందో లేచింది. ఊగే రైల్లో సీట్ల వీపులు పట్టుకుంటూ వెళ్లి ఆ ఇద్దరి మధ్య నిలబడింది.

"దాస్ ఇస్ట్ మైనె టోఖ్టర్" అంది. నా బిడ్డ ఇది. తర్వాత ఏమనాలో రాలేదు. మళ్లీ అదే అంది, ఈసారి పెట్టెంతా వినేటట్టు.

వాడు ఆమెను ఎగాదిగా చూశాడు. ఒక బూతుమాట అన్నాడు, ఆమె ముఖం మీదికే దగ్గాడు. బిల్కీస్ కదలలేదు.  రైలు ఏదో చిన్న స్టేషన్లో ఆగింది. వాడు సీసా ఊపుకుంటూ దిగిపోయాడు. అప్పుడు బిల్కీస్ పిల్ల పక్కన కూలబడింది. ఇఖ్రా ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"నీకు చెప్పలేదు అమ్మీ. పొద్దున్నపూట కూడా ఒకరిద్దరు ఇట్లా అన్నారు. చెప్తే మాన్పిస్తావని."

ఆ వారం దాటకుండానే స్కూల్లో చేసిన టెస్టులో ఇఖ్రాకు పాజిటివ్ వచ్చింది. రైల్లోనా, క్లాసులోనా, ఎవరు చెప్పగలరు? పిల్ల గదిలో తలుపేసుకుంది. గడప దగ్గర పళ్లెం పెట్టి బిల్కీస్ వెనక్కి జరిగేది. లోపలి నుంచి ఏడుపు వినపడేది. "సారీ అబ్బూ, సారీ."

కరీమ్ తలుపుకు ఇవతల కుర్చీ వేసుకున్నాడు, ముక్కుకు రెండు మాస్కులు. "ఏంటే సారీ? ఇవాళ ఏం ప్రయోగం చేయించారో చెప్పు. పూర్తిగా చెప్పు."

మూడో నాటికి అతనికీ జ్వరం తగిలింది. బిల్కీస్ ఆక్సిజన్ చూసే క్లిప్పును భర్త వేలికి పెట్టి, ఆ అంకె దిగకూడదని కన్నార్పకుండా కూర్చునేది. దిగలేదు. టీకా కాపాడిందో, దేవుడు కాపాడాడో, కరీమ్ రెండు రోజులు మూలిగి లేచి, ఉప్మాలో ఉప్పు చాల్లేదన్నాడు. ఆ మాటకు బిల్కీస్ వంటింట్లోకి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చింది.

ముఖీత్ ఈసారి ఫోనులో స్వరం మార్చాడు. "ఆపా, ఇగ దగ్గర స్కూల్ల అడుగుదామా?"

"మాన్పించ" అంది బిల్కీస్. "భయమైతది. అయినా పిల్ల పోతది."

క్వారంటైన్ ముగిశాక ఇఖ్రా మళ్లీ రైలెక్కింది. ఈసారి పక్క సీటు మీద ఉన్న తన బ్యాగు తానే తీసి ఒళ్లో పెట్టుకుంది. "రా అమ్మీ, ఇక్కడే కూర్చో." ఆ చలికాలమంతా ఇద్దరూ ఒకే పెట్టెలో వెళ్లారు. తల్లికన్నా ముందు కునుకు తీసేది కూతురే. ఎండాకాలానికి ఇఖ్రాకు నేస్తాలు కుదిరారు. అప్పుడు బిల్కీస్ ప్లాట్‌ఫాం దగ్గరే ఆగిపోవడం నేర్చుకుంది. రైలు మలుపు తిరిగేదాకా మాత్రం కదిలేది కాదు. తన క్లాసుకు తర్వాతి రైలు ఎక్కేది.

2024లో ఇఖ్రా అబిటూర్ పూర్తిచేసింది. మార్కులు ముఖీత్ ఊహించినంత గొప్పగా రాలేదు, పనికొచ్చేటన్ని వచ్చాయి. మాగ్డెబర్గ్‌లో కెమికల్ ఇంజినీరింగు సీటు దొరికింది. బిల్కీస్ ఆ జర్మన్ క్లాసులు వదల్లేదు. ఇప్పుడు కాట్‌బస్‌లో కిటా అనే ఒక శిశు సంరక్షణ కేంద్రం వంటింట్లో పసిపిల్లలకు వండి పెడుతోంది. పొద్దుటి రైలుకు ఒక్కతే వెళ్తుంది. ఎవరైనా పక్కన గట్టిగా దగ్గితే ఇప్పటికీ గుండె ఒకసారి దడాలుమంటుంది. ఆమె ఊపిరి బిగబట్టి, మెల్లగా వదిలి, తన స్టేషను వచ్చాక దిగుతుంది.