వాల్వు తిప్పితే వచ్చిన నీళ్లు

పత్తికొండ అవతల ఒక గుట్టకింద సొరంగం తవ్వాలనుకున్నారు. అంతకుముందే అక్కడి బండ మీద ఎంత ఒత్తిడి ఉందో కొలవమని మమ్మల్ని పంపినారు. లోతుగా బోరు వేసి, లోపల ఒకచోట పైనా కిందా రబ్బరు బిరడాలు బిగించి, ఆ మధ్యలోకి బండ చీలేదాకా పంపుతో నీళ్లు ఎక్కిస్తాం. చీలగానే మీటరు ముల్లు పడిపోతుంది. ఎక్కడ పడిందో ఆ అంకె కోసమే ఇదంతా. ఏండ్ల తరబడి అదే పని. ముల్లు పడినా నాకిప్పుడు ఏమీ అనిపించదు.

బోరు బండి కనబడితే ఈ పక్క టెంకాయ కొట్టకుండా ఊరుకోరు. పక్క చేని అవ్వ పసుపూ కుంకుమా తెచ్చి పైపుకు పెట్టింది. ఇది నీళ్ల బోరు కాదని పొద్దున్నుంచి చెప్తానే ఉన్నాను. వినలేదు. విసుగొచ్చి వదిలేసినాను.

మధ్యాహ్నం బండ చీలింది. లోపలి ఒత్తిడి దించడానికి వాల్వు తిప్పితే, ఎక్కించిన నీళ్లే పైపులోంచి ఎగదన్నుకొని వచ్చినాయి. అవ్వ చెప్పులు విడిచి దోసిలి పట్టింది.

"అవి పొద్దున ట్యాంకరుతో తెచ్చి మేం పోసినవే అవ్వా" అన్నాను.

"తెలుసులేప్పా. ట్యాంకరు మా చేని మీదనే కదా వచ్చింది. బోర్లోంచి నీళ్లు పైకి వచ్చేది చూసి శానా ఏండ్లాయె. రోంతసేపు చూడనీ."

అంకె సరిచూసుకోడానికి ఇంకోసారి ఒత్తిడి ఎక్కించాల్సిన వేళయింది. నేను వాల్వు మూసేసినాను.