వీపు చూపని సారు

ట్రైనింగ్ కాలేజీలో మాకు బోర్డు మీద రాయడం నేర్పిన సారు ఎప్పుడూ పక్కకు నిలబడే రాసేవారు. ఒక కన్ను సుద్దముక్క మీద, ఒక కన్ను మా మీద.

“పిల్లలకు వీపు సూపెట్టద్దు బిడ్డా. నిజాం కాలంల మా సారు ట్రైనింగుల నేర్సుకున్న మొదటి పాఠం గిదే,” అనేవారు.

మొన్న ధర్మసాగర్ దగ్గర నేను పనిచేసే సర్కారు బడి మూతపడే రోజున, రిటైరైన ఆ సారు చూడటానికి వచ్చారు. పిల్లలు అప్పటికే ఒక్కరొక్కరే ప్రైవేటు బడి బస్సెక్కి పోయారు. ఖాళీ బెంచీల ముందు, అలవాటుగా పక్కకు నిలబడి, సారు బోర్డు మీద తేదీ వేయబోయారు.

“ఎవరి కోసం సార్?” అన్నాను.

సారు చేయి ఆగింది.

“అవు. ఇగ ఎటు తిరిగి రాస్తే ఏంది బిడ్డా,” అంటూ పూర్తిగా బోర్డు వైపు తిరిగారు.

ఇన్నేళ్లలో నేను మొదటిసారి చూసిన ఆ వీపు వణుకుతోంది.