ఖాళీ కడుపుతో క్రేన్ మీద

ఎదురింటి క్రేన్ డ్రైవరుకు పనివేళ తిండంటే హడల్. తింటే కునుకు పడుతుందని, తను కునికితే ఇనుప కడ్డీల కట్ట కింది మనుషుల మీద పడుతుందని అతని బెంగ. అందుకే పొద్దున్నే గ్లాసుడు టీ తాగి, గుండె చిక్కబట్టుకుని నిచ్చెన ఎక్కుతాడు. భార్య ఇచ్చిన డబ్బా సాయంత్రం మూతైనా తీయకుండా ఇంటికి వస్తుంది. "డబ్బాని షికారుకి తీసుకెళ్తున్నావా?" అని ఆవిడ దెప్పినా నవ్వడు. మొన్న మధ్యాహ్నం కట్ట గాలిలో ఉండగా అతనికి కళ్లు బైర్లు కమ్మాయి. ఏ లివరు ఎటు లాగాలో తోచలేదు, కట్ట కిందికి దిగిపోతూనే ఉంది. కింద నిలబడి సైగలు చేసేది సొంత బావమరిది. "ఆపు బావా, ఆపు!" అన్న అరుపుకు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. కట్ట ఆ కుర్రాడి నెత్తికి జానెడు ఎత్తున ఆగింది. బావమరిది నిచ్చెన ఎక్కి వచ్చి, ముందు డబ్బా మూత తీశాడు. "పొట్ట మాడ్చుకుంటే కళ్లు తిరగవా బావా? ఇప్పుడు సగం తిను, మిగతాది కాసేపాగి తిందువు. అక్కకి నేను చెప్పన్లే." అతను రొట్టె తుంచి, ఎక్కడ నిద్ర ముంచుకొస్తుందోనని రెప్పలు తడుముకుంటూ నమిలాడు. నిద్ర రాలేదు. కాసేపటికి కింద తిరిగే మనుషుల ముఖాలు ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపించాయి. ఇన్నాళ్లూ వాళ్లను మసకగానే చూస్తూ బరువులు తిప్పానని తెలిసి, అప్పుడు వణికాడు.