రెండు డబ్బాలకీ బొట్టు

మా హాల్లోకి అడుగుపెడితే దేవుడి పటాలకన్నా ముందు మా ఆయన కంప్యూటరు కనబడుతుంది. వెండిరంగు ఇనప్పెట్టె, నేనొక్కదాన్నే కదిలించలేనంత బరువు. ఆయన సినిమా ఎడిటరు. పనిచేసిన ఎడిటింగ్ స్టూడియో మూసేసిన రోజున మిగతావాళ్ళు కుర్చీలూ ఏసీలూ పట్టుకుపోతే, ఈయన దీన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఫిల్మ్‌నగర్ ఎత్తంతా ఎక్కించి తెచ్చారు. పెళ్ళయ్యాక నన్ను కాపరానికి తెచ్చినప్పుడు కూడా అంత జాగ్రత్త చూపించలేదు. నన్ను బస్సులో చివరి సీట్లో కూర్చోబెట్టి, తను డ్రైవరు పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు.

ఆ పెట్టె మహా బద్ధకస్తురాలు. స్విచ్ వేసి, పాలు కాచి, కాఫీ కలుపుకుని తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెరమీద ఇంకా ఆ చక్రం తిరుగుతూనే ఉండేది. లోపల గరగరమని ఒకటే గోల. "పారేసి కొత్తది కొనుక్కోరాదూ?" అంటే, "నిన్ను పారేశానా?" అనేవారు.

ఆయన పారేయనిది పెట్టె కోసం కాదు, లోపలున్న సరుకు కోసం. పాతికేళ్ళలో తను కట్ చేసిన సినిమాల మొదటి కూర్పులన్నీ అందులో ఉన్నాయి. హీరో గారు చూసి ఇంకో ఫైటు కావాలనకముందు, నిర్మాత బావమరిది వచ్చి తల్లి సెంటిమెంటు తగ్గించమనకముందు, సీనుకి సీను తను ఎలా అతికారో అలాగే. "థియేటర్లో ఆడినవి వాళ్ళ సినిమాలు, ఇవి నావి" అనేవారు. ఇంటికొచ్చిన చుట్టాలకి కాఫీతో పాటు ఒక రీలు తప్పేది కాదు. జూబ్లీ హిల్స్‌లో ఉండే మా ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి, "అన్నయ్య ఇంట్లో లేడుగా?" అని కనుక్కుని గానీ లోపలికొచ్చేది కాదు.

ఇదంతా నవ్వులాటగా చెబుతున్నాను గానీ, అప్పటికి ఆయన ఖాళీగా ఉండి మూడేళ్ళు దాటింది. వద్దని ఎవరూ అనలేదు. పిలవలేదు, అంతే. మొదట్లో పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఫోను పక్కన కూర్చునేవారు. తర్వాత చొక్కా మానేశారు. తర్వాత స్నానం మధ్యాహ్నానికి జరిగింది. మాట కూడా తగ్గిపోయింది. నాకది భయంగా ఉండేది. అరిచే మొగుణ్ణి దారికి తేవచ్చు, నోరు మెదపని మొగుణ్ణి ఏం చేసుకోను?

అలాంటప్పుడు వచ్చిందొక అమ్మాయి. అమ్మాయంటే ముప్ఫై దాటిన మనిషే. కరీంనగర్ నుంచి వచ్చి కృష్ణానగర్‌లో గది తీసుకుని, పదేళ్ళు అసిస్టెంట్ డైరెక్టరుగా ఎండలో మాడి, ఇప్పుడు తనే ఒక చిన్న సినిమా తీసింది. మా ఆయన చివరగా చేసిన సినిమాకి ఆమె పనిచేసిందట.

"సార్, నా సినిమా మీరే కట్ చేయాలె. గా సినిమాల ఇంటర్వెల్ ముంగట సీన్ మీరు ఎట్ల ఆపిన్రో నాకు ఇంక యాదుంది" అంది.

ఆయన మొహం చూడాలి! పైకి మాత్రం "చూద్దాం, చూద్దాం" అని బెట్టు చేశారు. ఆ అమ్మాయి మెట్లు దిగకముందే గడ్డం గీసుకోవడానికి పరుగెత్తారు.

చిక్కల్లా ఎక్కడంటే, కొత్త కెమెరాతో తీసిన ఆ సినిమా మా ముసలి పెట్టెలో తెరుచుకోలేదు. ఇదేమిటో నాకు తెలియదు పొమ్మంది. అమ్మాయి తన ల్యాప్‌టాప్ ఇస్తానంది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తాకి, "ఈ పలక మీదా?" అన్నారు. ఆయన కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి ఏళ్ళయింది. చూడకుండా కొడతారు. వేరేదాని మీద చెయ్యి ఆడదు. అందుకని పెట్టెకే మరమ్మతు చేయాలని తేల్చారు. చప్పుడు చేసే పాత డ్రైవు తీసేసి చప్పుడు చేయని కొత్త డ్రైవు, దాని మీద కొత్త ఆపరేటింగ్ సిస్టం. ఈ మోడల్‌ని కంపెనీ ఎప్పుడో వదిలేసిందట. అయినా దీనిమీద కొత్త సిస్టం ఎక్కించే ఉపాయం మొండివాళ్ళెవరో కనిపెట్టి నెట్‌లో పెట్టారట. మొండివాళ్ళ మాట మొండివాళ్ళకే అర్థమవుతుంది కదా, మా ఆయన కళ్ళజోడు సవరించుకుంటూ రోజంతా ఆ వీడియోలే చూశారు.

పని మొదలెట్టడానికి ముహూర్తం కావాలన్నారు. నవ్వకండి. మా పేటలో టిఫిన్ బండి పెట్టినా ముహూర్తం చూసే పెడతారు. సినిమా ఓపెనింగులకి ముహూర్తాలు పెట్టే సిద్ధాంతి గారికే ఫోను చేశారు. "ఏ బేనరండీ?" అని అడిగారాయన. "హార్డ్ డిస్కండీ" అన్నారు మా ఆయన. పాపం, పెద్దాయన పంచాంగం తిరగేసి, పదకొండు దాటితే వర్జ్యమనీ, ఈలోగానే శుభస్య శీఘ్రమనీ చెప్పారు.

ఆ రోజు మా అత్తగారు తెల్లారకుండానే తలంటుకుని కూర్చున్నారు. ఆవిడకి ఎనభై దాటాయి. కంటిచూపు మందగించింది గానీ పెత్తనం ఏమాత్రం తగ్గలేదు. భోజనాల బల్ల మీద రెండు నల్ల డబ్బాలు పెట్టారు మా ఆయన. ఒకదానిలో పెట్టెలోంచి ఊడదీసిన పాత డ్రైవు, సినిమాలతో సహా, ఇంకోదానిలో కొత్తది. రెండు డబ్బాలూ ఒకే కొట్లో కొన్నవి, అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉన్నాయి.

"వీటిని ఎలా పోల్చుకుంటారు? కాగితమ్ముక్క అంటించండి" అన్నాను.

"కొత్తదానికి ఎలాగూ బొట్టు పెడతాంగా! బొట్టున్నది కొత్తది, లేనిది పాతది. దీనికి కాగితాలెందుకు?" అని, పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కోసం కిందికి వెళ్ళారు. షేక్‌పేట వైపున్న కొట్లో అయితే కాయ కుళ్ళదని అంతదూరం పోయారు. ఫ్లైఓవరు కింద బళ్ళు ఆగిపోయి, తిరిగొచ్చేసరికి వర్జ్యం గుమ్మంలోకి వచ్చేసింది. చెమటలు కక్కుకుంటూ కాయ కొట్టి, చేతికందిన డబ్బా తీసి చూశారు. బొట్టుంది. తీగ తగిలించి, కొత్త సిస్టం ఉన్న పెన్‌డ్రైవు గుచ్చి పెట్టెని లేపారు. అందులో ఉన్నదంతా తుడిచేయమంటారా అని పెట్టె అడిగింది. కొత్తదాంట్లో తుడవడానికేముందీ?

"ఖాయమేనా అని మళ్ళీ అడుగుతోందండీ" అన్నాను.

"దానికీ నీకూ నోరెక్కువ" అని నొక్కేశారు.

కొత్త సిస్టం ఎక్కడం మొదలైంది. నేను కొబ్బరి పచ్చడి చేసుకుని వచ్చేసరికి పూర్తయింది. దిగ్గున లేచి నిలబడుతుందన్న కంప్యూటరు మళ్ళీ ఆ చక్రమే తిప్పుతోంది. పైగా డబ్బాలోంచి గరగర.

"చప్పుడుండదన్నారుగా?" అన్నాను.

ఆయన వంగి డబ్బాకి చెవి పెట్టారు. తర్వాత బల్లమీదున్న రెండో డబ్బా తీసి చూశారు. దానికీ బొట్టుంది, పసుపుతో సహా!

పూజ గదిలోంచి అత్తగారు గర్వంగా చెప్పారు. "రెండోదానికి నేనే పెట్టాన్రా. ఇన్నేళ్ళు మనకి అన్నం పెట్టినదాన్ని బోడిమొహంతో కూర్చోబెట్టి కొత్తదానికి సింగారిస్తారా? తప్పు కాదూ!"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? పాతికేళ్ళ సినిమాల పైన కొత్త సిస్టం ఎక్కి కూర్చుంది. పోయినవి బయటికి తీసే రికవరీ వాళ్ళకి ఇద్దామన్నాను. "పైన ఇంకోటి ఎక్కాక అడుగున ఉన్నది రాదు" అన్నారాయన. అయినా మనసొప్పక నేనే పట్టుకెళ్ళి చూపించాను. పేర్లు లేని ముక్కలు కొన్ని వచ్చాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. సినిమా వాళ్ళందరికీ రెండు కాపీలు దాచుకోండని క్లాసు పీకిన మనిషి తన ఇంట్లో ఒక్క కాపీతో కూర్చున్నారు. నోటిదాకా వచ్చిందా మాట, మింగేశాను. నేను మాట మింగడం ఎంత అరుదో మా చుట్టాలనడగండి.

అత్తగారికి అసలు సంగతి మేం చెప్పలేదు. ఆయన మర్నాడు కొత్త డ్రైవుని బుద్ధిగా లోపల బిగించి, దాని మీద సిస్టం ఎక్కించారు. ఈసారి స్విచ్ మీంచి వేలు తీసేలోపే లేచి కూర్చుంది. చప్పుడు లేదు. అమ్మాయి సినిమా కూడా తెరుచుకుంది. ఆయన ఒకసారి చూసి, ఆపి, పెట్టె మీద పాత దుప్పటి కప్పేశారు. మళ్ళీ స్నానం మధ్యాహ్నానికి పోయింది.

శనివారం నాడు ఆ అమ్మాయి వచ్చింది. ఆయన తలెత్తకుండా, "వేరేవాళ్ళని చూసుకోమ్మా. నావల్ల కాదు" అన్నారు.

"ఏంది సార్ గట్లంటరు? ఏమైంది?"

"ఏం కాలేదు. నేను చేసినవేవీ లేవిప్పుడు. మొదలుపెట్టే ఓపిక కూడా లేదు" అని పేపరు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

ఆ అమ్మాయి నా మొహం చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి పిల్లకి. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చిత్రంగా ఆయన మీద కాదు, ఆ దుప్పటి మీద. లాగి అవతల పారేశాను. ఎన్నేళ్ళుగా కాఫీ పట్టుకుని ఆ కుర్చీ వెనక నిలబడలేదూ నేను! ఏది నొక్కితే ఆడుతుందో, ఏది నొక్కితే తెగుతుందో ఆ మాత్రం తెలుసు. "రామ్మా, మనమే చేసుకుందాం" అని కూర్చున్నాను.

"అమ్మా, మీరా?" అంది ఆ పిల్ల, హడలిపోయి.

తెరమీద ఒకావిడ వంటింట్లో రొట్టెలు కాలుస్తోంది. మొగుడు గుమ్మంలో నిలబడి, ఇంక ఈ ఊళ్ళో ఉండలేను, పోతున్నానంటున్నాడు. ఆవిడ "పో" అంది. మాట అయిపోయింది కదా అని అక్కడే తెంపాను.

బాల్కనీలో పేపరు కదిలింది.

వెనక్కి తిప్పి మళ్ళీ ఆడించాను. ఈసారి "పో" అన్నాక కాస్త ఆగి తెంపాను.

"అక్కడ కాదు" అన్నారు లోపలికి రాకుండానే. తెర ఆయనకి కనబడదు. వినే చెబుతున్నారు.

"మరెక్కడ?"

"నీకెందుకు? లేచి నీ పని చూసుకో."

ఆ మాటకి నాకు ఇంకా పంతం వచ్చింది. ఈసారి ఆవిడ "పో" అనకముందే తెంపి పారేశాను. అమ్మాయి నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

"అయ్యో అయ్యో, చంపేస్తున్నావే మనిషిని!" బాల్కనీ తలుపు ధడాలున తెరుచుకుంది. "ఆవిడ పో అన్నాక ఊపిరి ఆపింది, వినబడలేదా నీకు? వాడు చెప్పులేసుకుని మెట్లు దిగేదాకా ఆపే ఉంచింది. ఆ ఊపిరి వదిలినప్పుడు కదే కట్! రొట్టె మాడినా సరే అక్కడిదాకా ఆగాలి. లే. లెమ్మంటున్నానా!"

లేచాను. ఆయన కుర్చీలో కూర్చుని, పేపరు నేలమీద పడేసి, నేను తెంపినదంతా చకచకా మళ్ళీ అతికేశారు. అక్షరాల్లేని ఆ కీల మీద వేళ్ళు ఒక్కచోట కూడా తడబడలేదు. ఇంకోసారి ఆడించి, ఆవిడ ఊపిరి వదిలిన చోట ఆపారు. నిజంగానే ఆపాల్సింది అక్కడే.

"ఈవిణ్ణి ఇంకెప్పుడూ నా కుర్చీలో కూర్చోనివ్వకు" అన్నారు అమ్మాయితో.

"అది నా చేతిల లేదు సార్" అంది ఆ పిల్ల, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటూ. "తర్వాతి సీన్ పెట్టమంటరా?"

"పెట్టకపోతే ఎందుకొచ్చావు?"

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. వాళ్ళకి వినబడకుండా కుళాయి ధారగా వదిలి, కొంగు నోట్లో కుక్కుకుని, మూడేళ్ళ ఏడుపూ ఒక్కసారే ఏడ్చాను.

"ఏమేవ్!" హాల్లోంచి కేక. "ఆ నీళ్ళు కట్టెయ్! సౌండు వినబడట్లేదు!"

కట్టేశాను.