మిషన్ చెప్పిన శుక్రవారం

ఎనభైలు ముగిసేలోపు హన్మకొండకు ఒక కంప్యూటర్ సెంటర్ వచ్చింది. మా బావ నేర్చుకోవడానికి అందులో చేరాడు. నేను రాసే పేపర్‌కు వార్త అవుతుందని ఒక సాయంత్రం నన్నూ వెంట తీసుకుపోయాడు. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్లాం.

అప్పటికి అక్క ప్రసవమై వారం. కొత్తవాడలో మా ఇంట్లోనే ఉంది. ఇరవై ఒకటో రోజు తొట్టెల. పాపను తొట్టెలో వేసి పేరు పిలవాల్సింది మేనత్త, అంటే మరిపెడలో ఉండే బావ అక్క. తల్లి లేని బావను పెంచింది ఆమే.

"ఇరవై ఒకటో దినం ఎప్పుడో మిషిన్ల తీస్త, సూడు బామ్మర్దీ" అంటూ బావ స్ప్రెడ్‌షీట్ తెరిచాడు. పాప పుట్టిన తేదీని మధ్యలో గీతలు పెట్టి కొట్టాడు. సున్నా, చుక్క, దాని వెనక ఏవో అంకెలు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అవే. గీత అంటే భాగహారమని, మిషన్ రోజును నెలతో భాగిస్తోందని అక్కడ నేర్పే సారు వచ్చి చెప్పేసరికి అరగంట పోయింది. సారు చెప్పినట్టు కొడితే ఈసారి ముప్పై వేల పైచిలుకు సంఖ్య వచ్చింది.

"ఇదేంది సార్, నా బిడ్డకు ముప్పై వేల దినాలా?"

సారు నవ్వలేదు. దాన్ని తేదీగా మార్చే పద్ధతి వేరే ఉందట. చివరికి ఇరవై ఒకటి కలిపితే శుక్రవారం వచ్చింది. క్యాలెండర్ మీద వేలు పెడితే నిమిషం పని. నాకు తల వాచిపోయింది. బావ మాత్రం ఆ శుక్రవారాన్ని కార్డు మీద రాసి మరిపెడకు పోస్టు చేశాడు. ఇంట్లో అందరం ఇరవై ఒకటో రోజనే అనుకున్నాం. వారం పేరు ఎవరూ ఎత్తలేదు.

బుధవారం సాయంత్రం అమ్మ శనగలు నానబోస్తుంటే బావ వచ్చాడు.

"గిప్పుడే ఎందుకత్తా? తొట్టెల ఎల్లుండి గదా?"

"రేపే బిడ్డా. శుక్రారం పుట్టింది. ఆనాటి సంది లెక్కవెడితే బేస్తారానికి ఇరవై ఒకటి. వాడకట్టంత పిలిచొచ్చిన."

బావ వేళ్లు మడిచి చూసుకున్నాడు. మిషన్ పుట్టిన రోజును వదిలేసింది. నేను మరిపెడకు ట్రంక్‌కాల్ కోసం పరుగెత్తాను. "జర ఆగున్రి, లైన్ దొరుకుత లేదు" అని ఆపరేటర్ అన్న మాటే రెండు గంటలు విన్నాను.

గురువారం మొదటి బస్సుకు బావ మరిపెడ పోయాడు. వాళ్లక్క ఇంటికి తాళం. పాపకు వెండి పట్టీలు కొనడానికి ఆమె ఖమ్మం పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. మధ్యాహ్నం ఒక్కడే తిరిగొచ్చి, "ఒక్క దినం ఆపుదామత్తా" అన్నాడు. వచ్చినవాళ్లు ఆకలితో కూర్చున్నారు. అమ్మ ఒప్పుకోలేదు. ఎదురింటి పెద్దమ్మే పాపను తొట్టెలో వేసి పేరు పిలిచింది.

శుక్రవారం పొద్దున్నే బావ వాళ్లక్క పట్టీలతో దిగింది. సంగతంతా విన్నది.

"పుట్టిన దినం లెక్కల్లకు రాదారా తమ్మీ? ఆనాడు మీ మిషిన్‌కు బిడ్డ కనబడలేదా?"

ఇప్పుడైనా తొట్టెలో వేయమని అమ్మ బతిమాలింది.

"పేరు పిలిచిండ్రు గదా వదినా, ఇంకేమున్నది."

పట్టీలు తొడిగి, తిరుగు బస్సు టైమయ్యేదాకా పాపను ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.